గొర్రె పిల్లలు దక్కాలంటే: చిన్న మంద పెంచేవాళ్లకు

కొత్తగా గొర్రెలు పెట్టినవాళ్లు ముందుగా అడిగేది "ఏ మందు వాడాలి" అనే. నా లెక్కలో ఆ ప్రశ్న చిట్టచివర రావాలి. చనిపోయే పిల్లల్లో ఎక్కువ భాగం పుట్టిన మొదటి మూడు రోజుల్లోనే పోతాయి. ఆ చావుకు కారణం చూస్తే చాలాసార్లు అంతకు నెలన్నర ముందు తల్లి తిన్న మేతలోనో, తడిసిన దొడ్డిలోనో, పుట్టగానే అందని పాలలోనో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ సీసాలో దొరికేది కాదు. పది ఇరవై గొర్రెలున్న చిన్న మందకు పెద్ద మందకు లేని సుఖం ఒకటుంది. ప్రతిదాన్నీ రోజూ మొహం గుర్తుపట్టి చూడొచ్చు. ఆ సుఖాన్ని వాడుకోవడమే అసలు పెంపకం.

గొర్రె తన జబ్బు బయటపెట్టదు. కుక్కలకూ తోడేళ్లకూ దొరికిపోయే జీవి కదా, ఒంట్లో బాగాలేకపోయినా మందతో పాటే నడుస్తుంది, మేస్తున్నట్టే కనిపిస్తుంది, ఇక నిలబడలేనప్పుడు పడిపోతుంది. "నిన్న బాగానే ఉందండీ, పొద్దున చూస్తే చచ్చిపోయి ఉంది" అనే మాటలో చాలాసార్లు నిన్న ఎవరూ సరిగ్గా చూడలేదనే అర్థం. చూడాల్సిన సమయం మేత వేసేటప్పుడు. అన్నీ తోసుకుంటూ వస్తుంటే ఏది వెనక ఆగిపోయింది? మిగతావి నెమరేస్తుంటే ఏది తల వేలాడేసుకుని మూల నిలబడింది? చెవులు వాలడం, డొక్కలు లోపలికి పోవడం, తోక కింద పేడ అంటుకుని ఉండడం, పళ్లు నూరడం, వీటిలో ఏది కనిపించినా దాన్ని పట్టుకుని చూడాలి. ఇంట్లో వాడే డిజిటల్ థర్మామీటర్‌లాంటిదే ఒకటి గొర్రెల కోసం విడిగా పెట్టుకోండి, ఆసనంలో పెట్టి చూస్తే 102 నుంచి 103.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తించి పట్టుకుంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు, నీడలో కాసేపు ఉంచి మళ్లీ చూడండి.

ఉన్ని ఉన్న గొర్రె కండపట్టిందో లేదో కంటితో చెప్పలేం. చివరి పక్కటెముక దాటాక నడుం మీద చెయ్యి పెట్టి నొక్కండి. వెన్ను ఎముకలు కత్తి అంచులా గుచ్చుకుంటే బక్కచిక్కినట్టు. కాస్త నొక్కితే గుండ్రంగా తగిలితే సరిపోయినట్టు. ఎంత నొక్కినా ఎముకే దొరక్కపోతే కొవ్వెక్కువైనట్టు. దీన్ని 1 నుంచి 5 దాకా మార్కులతో కొలుస్తారు. పొట్టేలుతో కలిపేటప్పుడూ ఈనేటప్పుడూ 3 దగ్గర ఉంటే మంచిది. ఐదు నిమిషాల పని, దుకాణంలో కొనే ఏ టానిక్కూ చెప్పలేని సంగతి చెబుతుంది.

దొడ్డి, బయలు, నట్టలు

చలిని గొర్రె తట్టుకుంటుంది, తడిని తట్టుకోలేదు. దొడ్డికి నాలుగు వైపులా గోడలు కట్టి వెచ్చగా ఉంచామనుకుంటారు గానీ గాలి ఆడక మూత్రం ఘాటు పట్టేసిన దొడ్డి కంటే మూడు వైపులా తెరిచిన రేకుల పాకే నయం. మీరు నిలబడి వాసన చూస్తే తెలియదు. పిల్ల పడుకునే ఎత్తుకు వంగి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. కళ్లు మండినా, లేచాక మోకాళ్లు తడిసినా ఆ రోజే నేల మార్చాలి. ఒక్కో పెద్ద గొర్రెకు కనీసం చదరపు మీటరు చోటు, పిల్లలున్న తల్లికి ఒకటిన్నర నుంచి రెండు.

ఇక నట్టల గురించి, అంటే పొట్టలో చేరే పురుగుల గురించి, కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వెచ్చగా తేమగా ఉండే చోట మందను దెబ్బతీసేవాటిలో ముందుండేది హీమాంకస్ అనే నట్ట. ఇది గొర్రె నాలుగో పొట్టలో గోడకు అంటుకుని రక్తం తాగుతుంది. ఒక్కో ఆడ నట్ట రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది, అవి పెంటికలతో బయటపడి, వెచ్చదనం తేమ ఉంటే వారం లోపే పిల్ల పురుగులై గడ్డి ఎక్కి కూర్చుంటాయి. చాలామంది నట్టలంటే పారుడు ఉండాలనుకుంటారు. ఈ నట్టకు మామూలుగా పారుడు ఉండదు, పెంటికలు గట్టిగానే పడుతుంటాయి, లోపల మాత్రం రక్తం ఖాళీ అవుతుంటుంది. కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా గులాబీ రంగులో ఉంటే పర్వాలేదు, పాలిపోతే జాగ్రత్త, తెల్లగా ఉంటే ఆ గొర్రె చావుబతుకుల్లో ఉన్నట్టు. దక్షిణాఫ్రికాలో ఈ రంగులకు ఫమాచా అని ఐదు మెట్ల కార్డు తయారుచేశారు, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడడం కూడా రక్తం తగ్గిందనడానికి గుర్తే, అయితే కాలేయంలో చేరే కార్జపు జలగ అనే పురుగు పట్టినా అలాగే దిగుతుంది, కాబట్టి పశువుల డాక్టరుతో పెంటికల పరీక్ష చేయించుకోవడం మేలు.

నెలనెలా మంద మొత్తానికి నట్టల మందు పట్టించే అలవాటు చాలా చోట్ల ఉంది. నేను దానికి వ్యతిరేకిని. అందరికీ తాగిస్తే మందుకు చావని నట్టలు మాత్రమే మిగిలి, అవే గుడ్లు పెట్టి, రెండు మూడేళ్లలో ఆ మందు మీ మందలో నీళ్లతో సమానమైపోతుంది. కనురెప్ప పాలిపోయినవాటికీ, బక్కచిక్కినవాటికీ, వానాకాలంలో చిన్న పిల్లలకూ, అవసరాన్ని బట్టి ఈనిన తల్లులకూ ఇస్తే చాలు. ఇచ్చేటప్పుడు తూకం ప్రకారం ఇవ్వండి. కంటి అంచనాతో ఇచ్చేవాళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువే ఇస్తారు, తక్కువ డోసు ఇవ్వడమంటే నట్టలకు ఆ మందు అలవాటు చెయ్యడమే. నోటి పక్కనుంచి గొట్టం పెట్టి నాలుక వెనక పడేలా పోయాలి. తల ఆకాశానికి ఎత్తేసి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇచ్చిన 10–14 రోజులకు మళ్లీ పెంటికలు పరీక్ష చేయిస్తే మందు పనిచేసిందో లేదో తేలిపోతుంది.

మందు కంటే ముందు గడ్డి సంగతి చూసుకోవాలి. పిల్ల పురుగుల్లో ఎక్కువ భాగం నేలకు 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి, కాబట్టి గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు దిగిందంటే మందను అక్కడి నుంచి కదపాలి. బయలును ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కలో నాలుగైదు రోజులకు మించి ఉంచకుండా తిప్పితే గుడ్లు పురుగులయ్యేలోపు మంద అక్కడ ఉండదు. తిరిగి ఆ ముక్కకు ఎప్పుడు రావాలన్నది వాతావరణాన్ని బట్టి. వేడి ప్రాంతంలో నెలన్నర దాటితే చాలా పురుగులు చచ్చిపోతాయి, చల్లటి చోట నెలల తరబడి బతుకుతాయి. ఆవులుంటే గొర్రెల తర్వాత వాటిని ఆ ముక్కలో వదలండి, గొర్రె నట్టల్లో చాలావరకు ఆవు పొట్టలో బతకవు.

మేతలో చేసే రెండు పెద్ద తప్పులు

గొర్రెకు ముఖ్యమైన మేత గడ్డే. పచ్చిదీ ఎండుదీ కలిపి, నీటి శాతం తీసేసి చూస్తే, రోజుకు ఒంటి బరువులో 3 నుంచి 4 శాతం తింటుంది. దాణా అవసరమైనప్పుడు తోడు మాత్రమే. మొదటి తప్పు దాణా ఒక్కసారిగా పెంచడం. గింజలు ఎక్కువగా పడితే పొట్టలో ఆమ్లం తయారై, నెమరు ఆగి, ఒకటి రెండు రోజుల్లో గొర్రె పోతుంది. పెంచాలన్నా తగ్గించాలన్నా రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా మార్చాలి. దాణా బస్తా గొర్రెకు అందే చోట ఉంచకూడదు, ఎంత చిన్న తలుపైనా గడియ వేయండి. పొరపాటున బస్తా మీద పడి మెక్కిందని తెలిస్తే పొట్ట ఉబ్బేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

రెండో తప్పు ఆవుల ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టడం. అందులో రాగి ఎక్కువ, గొర్రె కాలేయం రాగిని బయటికి పంపలేదు, దాచుకుంటూ పోతుంది. నెలల తరబడి ఏమీ కనిపించదు. ఒక రోజు ఏదో ఒత్తిడికి కాలేయంలోని రాగి ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది, కళ్లు పచ్చబడి మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది, అప్పటికి దాదాపు అయిపోయినట్టే. సంచి మీద "గొర్రెలకు" అని రాసి ఉన్నదే కొనండి. ఉప్పు ఇటుక కొన్నా అదే పద్ధతి. నీళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మీరు తాగడానికి ఇష్టపడని నీళ్లు వాటికి పెట్టకండి. పాలిచ్చే తల్లి మామూలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది.

చూడి చివరి ఆరు వారాలు

గొర్రె చూలు సుమారు 147 రోజులు, అంటే ఐదు నెలలకు కాస్త తక్కువ. పొట్టేలును ఎప్పుడు కలిపారో రాసిపెట్టుకోకపోతే ఈ లెక్క ఎందుకూ పనికిరాదు. ఒక చిట్కా ఉంది. పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన రంగు పూస్తే అది ఎక్కిన గొర్రె నడుం మీద మరక పడుతుంది, ఆ తేదీ రాసుకోవచ్చు. గొర్రె సుమారు 17 రోజులకోసారి ఎదకు వస్తుంది కాబట్టి ఆ గడువుకు రంగు మార్చండి, అదే గొర్రె మీద కొత్త రంగు పడితే ముందుసారి కట్టలేదని అర్థం. అన్నిటి మీదా మళ్లీ కొత్త రంగే పడుతుంటే అనుమానించాల్సింది గొర్రెల్ని కాదు, పొట్టేలును.

కడుపులో పిల్ల బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు పెరిగి పొట్టలో మేతకు చోటు తగ్గిపోతుంది. అందుకే ఈ రోజుల్లో మేత మోతాదు కంటే దాని బలం ముఖ్యం, మంచి నాణ్యత ఉన్న గడ్డి, దానికి తోడు మెల్లగా పెంచుతూ దాణా. కవలలు మోస్తున్న గొర్రెకు ఇది అందకపోతే ఒంట్లో కొవ్వు కరిగించుకోవడం మొదలుపెడుతుంది, ఆ కరిగే క్రమంలో పుట్టే విషాలు దాన్నే పడగొడతాయి. మేతకు రాదు, కళ్లు కనపడనట్టు గోడకు తల ఆనించి నిలబడుతుంది, శ్వాసలో తియ్యటి వాసన వస్తుంది. బాగా బలిసిన గొర్రెకూ ఇదే జబ్బు వస్తుంది, అది చాలామంది నమ్మరు. తొందరగా కనిపెడితే డాక్టరు గ్లూకోజ్‌తో, నోటి మందుతో నిలబెట్టొచ్చు.

టీకాలు మీ ప్రాంతంలో ఏ జబ్బులున్నాయో దాన్ని బట్టి, డాక్టరు చెప్పిన క్యాలెండరు ప్రకారం వేయించండి. ఒక్కటి మాత్రం నేనే చెబుతాను. చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు, ఎంటరోటాక్సీమియా) టీకా చూడి గొర్రెకు ఈనడానికి నాలుగు వారాల ముందు వేయిస్తే ఆ రక్షణ ఈనగానే వచ్చే ముర్రుపాలలోకి దిగి పిల్లకు అందుతుంది. అదే చేత్తో పొదుగు చుట్టూ, తోక కింద ఉన్ని కత్తిరించేయండి, లేకపోతే పిల్ల చన్ను అనుకుని ఉన్ని పీల్చుకుంటూ కూర్చుంటుంది.

ఈనేటప్పుడు

పొదుగు బిగుసుకుంటుంది, తోక పక్కన గుంటలు పడతాయి, గొర్రె మందను వదిలి ఒక మూలకు పోయి కాలితో నేల గీరుతుంది. అప్పటి నుంచి దూరంగా కూర్చుని చూడండి, చాలావరకు మీ సాయం అక్కర్లేదు. ముందు రెండు కాళ్లూ, వాటి మీద ఆనించిన ముక్కూ కనిపిస్తే అంతా సక్రమంగా ఉన్నట్టే. ఉమ్మనీటి సంచి పగిలి, గట్టిగా ముక్కుతూ గంటైనా ముందుకు కదలకపోతే అప్పుడు చెయ్యి పెట్టాలి. గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, గ్లోవ్ వేసుకుని, జారుడు కోసం జెల్ రాసుకోండి. చేతికి కాలు తగిలితే అది ముందుదో వెనకదో ఇలా తెలుసుకోవచ్చు. గిట్ట నుంచి పైకి వచ్చే మొదటి రెండు కీళ్లూ ఒకే వైపు మడిస్తే ముందు కాలు, ఎదురెదురుగా మడిస్తే వెనక కాలు. రెండు కాళ్లూ ఒకే పిల్లవేనా అని భుజం దాకా తడిమి చూసుకోండి, కవలల్లో ఒకదాని కాలూ ఇంకోదాని కాలూ పట్టుకుని లాగిన సంఘటనలు ఎన్నో. తల్లి ముక్కినప్పుడే, బయటికీ కిందికీ లాగాలి. పది పదిహేను నిమిషాల్లో మీ వల్ల కాకపోతే డాక్టరును పిలవండి, ఆ తర్వాత ప్రతి ప్రయత్నమూ గర్భసంచికి గాయమే. మాయ మామూలుగా ఆరు గంటల్లోపు పడిపోతుంది. వేలాడుతుంటే లాగకండి, మర్నాటికీ పడకపోతే చూపించండి.

పిల్ల పుట్టిన మొదటి రోజు

ముక్కు మీద జిగురు తుడిచి, పిల్లను తల్లి మూతి దగ్గర పెట్టేయండి. తల్లి నాకడం వల్ల పిల్ల ఆరుతుంది, రక్తం ప్రసరిస్తుంది, తల్లికి తన పిల్ల వాసన పడుతుంది. మీరు గుడ్డతో శుభ్రంగా తుడిచేస్తే ఆ వాసన పోయి తల్లే దాన్ని తన్నే ప్రమాదం ఉంది. బొడ్డు తాడును టింక్చర్ అయోడిన్‌లో మొదలు దాకా ముంచండి, పైపైన చుక్కలు వేస్తే లాభం లేదు. బొడ్డు నుంచి ఎక్కిన సూక్ష్మజీవులే వారం రెండు వారాల తర్వాత కీళ్ల వాపుగా బయటపడతాయి.

తర్వాత చన్నులు ఒక్కొక్కటి పిండి చూడాలి. చివర మైనంలా ఒక అడ్డు ఉంటుంది, అది పోతే గానీ పాలు రావు. బలం లేని పిల్ల దాన్ని లాగలేక, పాలు చీకుతున్నట్టే కనిపిస్తూ ఆకలితో పోతుంది. గొర్రె మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకు అందదు, అంతా ముర్రుపాల ద్వారానే రావాలి. ఆ శక్తిని పేగు పీల్చుకునేది మొదటి 24 గంటల్లోనే, అందులోనూ మొదటి ఆరు గంటలు బంగారం. లెక్క ఏమిటంటే కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు మొదటి రెండు గంటల్లో, రోజు మొత్తం మీద కిలోకు 200. అంటే 4 కిలోల పిల్లకు ముందు 200 మిల్లీలీటర్లు, రోజు ముగిసేసరికి 800. పాలెక్కువున్న తల్లి నుంచి కాస్త పిండి చిన్న సీసాల్లో ఫ్రీజర్‌లో దాచిపెట్టుకోండి, అవసరమైనప్పుడు గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించాలి. మైక్రోవేవ్‌లోనో పొయ్యి మీదో వేడిచేస్తే అందులో ఉండాల్సిన రక్షణే చెడిపోతుంది.

పిల్ల తాగిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? పడుకున్న పిల్లను లేపండి. కడుపు నిండినది లేచి ఒళ్లు విరుచుకుంటుంది. ఆకలిగా ఉన్నది వీపు వంచుకుని, నాలుగు కాళ్లూ దగ్గరకు చేర్చుకుని నిలబడుతుంది. దాని నోట్లో వేలు పెట్టండి, వెచ్చగా తగిలి వేలు చీకితే బాగున్నట్టు. నోరు చల్లగా ఉంటే ప్రమాదం, వెంటనే థర్మామీటర్ పెట్టండి. 99 ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే పిల్ల చలికి చచ్చిపోతోంది. ఇక్కడ తొందరపాటుగా పాలు పోసేవాళ్లున్నారు. తల ఎత్తలేని పిల్లకు నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పుట్టి ఐదు గంటల్లోపు పిల్లయితే ముందు తుడిచి ఆరబెట్టి, వెచ్చటి గాలి తగిలేలా పెట్టి, తల ఎత్తాక పాలు పట్టాలి. ఐదు గంటలు దాటిన పిల్లయితే ఒంట్లో చక్కెర అప్పటికే అయిపోయి ఉంటుంది. ముందు వెచ్చబెడితే మూర్ఛలొచ్చి పోతుంది, కాబట్టి ముందు డాక్టరు చేత గ్లూకోజ్ ఇంజెక్షన్, ఆ తర్వాతే వెచ్చబెట్టడం. తల ఎత్తగలిగి చీకలేని పిల్లకు మెత్తటి ట్యూబుతో నేరుగా పొట్టలోకి పట్టొచ్చు, ట్యూబు పొడవు ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలుచుకోవాలి. దీన్ని ఈనే కాలానికి ముందే ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర ఒకసారి చేతితో చేసి నేర్చుకోండి, అర్ధరాత్రి వీడియో చూస్తూ నేర్చుకునే పని కాదది.

తల్లినీ పిల్లల్నీ ఒకటి నుంచి మూడు రోజులు చిన్న గదిలా కట్టిన చోట విడిగా ఉంచితే ఒకదానికొకటి అలవాటు పడతాయి, కవలలకైతే ఇది తప్పనిసరి. రోజూ పొదుగు తడమండి. ఒక పక్క వేడిగా గట్టిగా ఉండి, తల్లి వెనక కాలు ఈడుస్తూ పిల్లను తాగనివ్వకపోతే పొదుగువాపు మొదలైంది.

పిల్లలు పెరిగేటప్పుడు

రెండో వారం నుంచి పిల్లలు మాత్రమే దూరగలిగేంత సందు వదిలి ఒక చిన్న కంచె కట్టి, లోపల లేత గడ్డీ కాస్త దాణా పెట్టండి. మొదట్లో వాసన చూసి వదిలేస్తాయి, మిగిలింది తీసేసి రోజూ కొత్తది వేయాలి. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య నల్లగానో రక్తంతోనో పారుతూ ముక్కుతుంటే కాక్సిడియా (పేగుల్లో చేరే, కంటికి కనపడని పరాన్నజీవి) అనుకోవచ్చు. మామూలు నట్టల మందు దీనికి పనిచేయదు, దీని మందు వేరు, దీని మూలం తడి నేలే. చిటుక రోగం ఇంకో రకం, మందలో అందరికంటే బాగా పెరిగిన పిల్లే హఠాత్తుగా పోతుంది, ఎందుకంటే పాలూ దాణా ఎక్కువ తాగేది తినేది అదే. తల్లికి టీకా వేసిన పిల్లలకు కూడా తర్వాత సొంత టీకా, నాలుగు వారాల తేడాతో రెండోసారీ వేయించాలి. పొట్టేలు పిల్లలకు దాణా బాగా మేపితే మూత్రంలో రాళ్లు కడతాయి. మూత్రానికి వంగి తిప్పలు పడుతుంటే ఆ రోజే చూపించాలి.

రెండున్నర, మూడు నెలలకు పాలు మాన్పించొచ్చు. పిల్లల్ని అలవాటైన చోటే ఉంచి తల్లుల్ని దూరంగా తీసుకెళ్లండి, మూడు రోజులు అరుపులు భరించాలి అంతే. నాలుగో నెల వచ్చేసరికి మగపిల్లల్ని విడదీయాలి, అప్పటికే కొన్ని ఆడవాటిని చూడి కట్టించగలవు.

కుంటే గొర్రె కనిపిస్తే ముందు గిట్టల మధ్య చూడండి. ముల్లో రాయో ఉంటే సరే. కుళ్లిన వాసన వస్తూ గిట్ట పెంకు ఊడుతుంటే అది ఒకదాని నుంచి ఇంకోదానికి అంటేది. దాన్ని విడదీసి, 10 శాతం జింక్ సల్ఫేట్ నీళ్లలో కాళ్లు నానబెట్టి, డాక్టరును అడగండి. రక్తం వచ్చేలా గిట్ట చెక్కే పాత పద్ధతి మానేయండి, దానివల్ల మానడం ఇంకా ఆలస్యమవుతుంది. ఈ జబ్బు మీ మందలోకి దాదాపు ఎప్పుడూ కొత్తగా కొన్న గొర్రెతోనే వస్తుంది. కొన్నదాన్ని మూడు నాలుగు వారాలు వేరేగా ఉంచి, గిట్టలు, కనురెప్పలు, పెంటికలు చూసుకున్నాకే కలపాలి.

గొర్రె ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండా పిల్ల పడిపోతే, పిల్లనీ మాయనీ ఉత్త చేతులతో ముట్టుకోకండి. కొన్ని కారణాలు మనుషులకూ అంటుతాయి, ఇంట్లో గర్భిణి ఉంటే ఈనే కాలమంతా ఆమెను దొడ్డి వైపు రానివ్వొద్దు. పిల్లల మూతి చుట్టూ పొక్కులు లేస్తే కూడా గ్లోవ్స్ వేసుకునే పట్టుకోండి, ఆ పొక్కులు మన చేతులకూ వస్తాయి.

ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తూ పోండి. ఏ తల్లి ఏ తేదీన ఈనింది, ఎన్ని పిల్లలు, సాయం కావాల్సి వచ్చిందా, ఎన్నిసార్లు నట్టల మందు పట్టారు. రెండు ఈతల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే ప్రతిసారీ అవే రెండు మూడు గొర్రెల దగ్గర మీ సమయం, మందూ పోతున్నాయని కనిపిస్తుంది. వాటిని అమ్మేయండి, వాటి ఆడపిల్లల్ని మందలో ఉంచుకోకండి. విత్తన పొట్టేలును రెండేళ్లకోసారి మార్చండి, లేకపోతే అది తన కూతుళ్లనే కడుతుంది.